ఫ్రేము కట్టిన చిల్లు

"రండి రండి, పెద్దాయనా!" అంటూ బ్రెంట్ కౌంటర్ మీంచి చెయ్యి చాపాడు.

ముసలాయన ఆ చెయ్యి చూశాడు. తన కుడిచెయ్యి మాత్రం కోటు జేబులోంచి తియ్యలేదు. తల ఊపి ఊరుకున్నాడు.

ఓక్లహోమాలో తుపాకుల కొట్టువాడు చాపిన చెయ్యి అందుకోకపోవడం అంటే చెంప మీద కొట్టినంత పని. బ్రెంట్ మొహం మాడిపోయింది. పక్కనే కాఫీ తాగుతూ కూర్చున్న స్నేహితుడు డ్యూయీ ఆ ముచ్చటంతా చూడనే చూశాడు. అది మరీ మంట.

"ఏం కావాలి?" అన్నాడు బ్రెంట్. ఈసారి 'పెద్దాయనా' అన్న పిలుపు లేదు.

"రోజూ జేబులో పెట్టుకు తిరగడానికి చిన్న పిస్తోలు కావాలి బాబూ. త్రీ ఎయిటీ తూటాది ఉందా?"

డ్యూయీ కిసుక్కున నవ్వాడు. "త్రీ ఎయిటీయా! దాంతో దొంగని కాలుస్తారా, చక్కిలిగింతలు పెడతారా?"

ఆ కొట్లో ఫార్టీఫైవ్‌దే రాజ్యం. వేలంత లావు తూటా. త్రీ ఎయిటీ దాని ముందు పిల్లకాయ. ఎవరైనా అడిగితే చూపిస్తారు గానీ, ముందు కాస్త ఏడిపించి మరీ చూపిస్తారు.

బ్రెంట్ ఓ బుల్లి పిస్తోలు తీసి, ఖాళీగా ఉందని చూసుకుని, కౌంటర్ మీద పెట్టాడు.

ముసలాయన ఎడంచేత్తో అందుకున్నాడు. ఖాళీగా ఉందో లేదో మళ్ళీ తనూ చూసుకోవాలిగా! పిస్తోలు పైభాగాన్ని బెల్టు అంచుకి తగిలించి కిందికి నొక్కాడు. అది టక్కున తెరుచుకుంది.

"రెండో చేతికి జేబులో అంత పనేముందో!" అన్నాడు బ్రెంట్.

"ఒంటిచేత్తో అలవాటైపోయింది బాబూ. ఇది మెత్తగా వస్తోంది. పెద్దవి నాకు లొంగవు."

"ఒకసారి అటు చూడండి."

బ్రెంట్ గోడ వైపు చూపించాడు. అక్కడ అద్దం వెనక చిన్న చిల్లు, చుట్టూ ఫ్రేము. ఆ కథ చెప్పకుండా వాళ్ళు ఎవరికీ పిస్తోలు అమ్మరు.

"నేను పుట్టకముందు ఇక్కడే ఓ దొంగ మా నాన్నకి తుపాకీ గురిపెట్టాడు. సరుకు చూడ్డానికొచ్చిన ఎవరో దారినపోయే మనిషి అడ్డం వచ్చాడు. దొంగ కాల్చింది గురి తప్పి ఆ గోడలో దిగింది. ఆయన ఫార్టీఫైవ్ ఒక్కసారి మోగింది, దొంగ భుజం పట్టుకుని పరుగో పరుగు! అడ్డం వచ్చినాయన పేరైనా చెప్పకుండా బండెక్కి వెళ్ళిపోయాట్ట. ఆ రోజు ఆయన చేతిలో ఇలాంటి బొమ్మ ఉండుంటే మా నాన్నా లేడు, నేనూ లేను."

ముసలాయన ఫ్రేము దగ్గరికి నడిచాడు. దాని కింద బ్రెంట్ తండ్రి వెండెల్ తన పేరుతో రాయించిన అక్షరాలు: 'చచ్చేలోగా ఒక్కసారి ఆ మనిషితో చెయ్యి కలపాలి.'

అది ఉత్త రాత కాదు. ఇప్పటికీ తలుపు గంట మోగితే చాలు, వెండెల్ తలెత్తి వచ్చినవాడి మొహంలోకి చూస్తాడు.

"ఫార్టీఫైవ్ అని మీ నాన్నే చెప్పాడా?"

"మరి? మా నాన్న అబద్ధాలాడతాడా?"

"అబ్బే, అలా అన్లేదు. ఉన్నాడా ఇక్కడ?"

"భోజనానికెళ్ళాడు. వచ్చినా ఆయనకి మాత్రం చెయ్యిస్తారా ఏంటి? మగాడిలా చెయ్యి కలపలేనివాళ్ళకి మా దగ్గర సరుకు లేదు. బొమ్మల కొట్టు వీధి చివర ఉంది, వెళ్ళండి."

డ్యూయీ కాఫీ ఒలికేలా నవ్వాడు.

ముసలాయన పిస్తోలు మొనని గోడ వైపుకి తిప్పి, జాగ్రత్తగా కౌంటర్ మీద పెట్టాడు.

"వెండెల్‌కి కొడుకున్నాడన్నమాట" అన్నాడు. "మంచిది."

గంట మోగింది. తలుపు మూసుకుంది.

కాసేపటికి వెండెల్ పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. బ్రెంట్, డ్యూయీ పోటీలు పడి చెప్పారు. చెప్పినంతసేపూ వెండెల్ నవ్వుతూనే ఉన్నాడు. కౌంటర్ మీద నోరు తెరిచి ఉన్న పిస్తోలు కనబడేదాకా.

"ఒంటిచేత్తో తెరిచాడా?"

"బెల్టుకి తగిలించి మరీ! భలే వేషంలే నాన్నా."

"కుడిచెయ్యి?"

"జేబులోంచి తీస్తేగా!"

టోపీ లేకుండా గుమ్మం దాటని మనిషి వెండెల్. ఇప్పుడు వట్టి తలతో రోడ్డు మీదికి పరిగెత్తాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. డ్యూయీ కాఫీ అక్కడే వదిలేసి మెల్లిగా జారుకున్నాడు.

"ఫార్టీఫైవ్ కాదురా" అన్నాడు వెండెల్, కొడుకు మొహం చూడకుండా. "ఇదిగో, ఇంత పిస్తోలే. ఫార్టీఫైవ్ అన్నది నేనే. బుల్లి పిస్తోలు కథ చెబితే పెద్దవి ఎవడు కొంటాడు?"

బ్రెంట్‌కి బొమ్మల కొట్టు అన్న మాట చెవుల్లో మోగుతోంది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

"నేను కౌంటర్ కింద దాక్కున్నానురా. నాకోసం అడ్డం వచ్చినవాడు రక్తం కారుతూ నిలబడితే, లేచి గుడ్డ కట్టడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. కట్టుంటే పేరైనా అడిగేవాణ్ణి."

"రక్తమా?" బ్రెంట్ ఫ్రేము వైపు చూశాడు. "దొంగ కాల్చింది గురి తప్పిందన్నావుగా నాన్నా?"

"తప్పలేదు" అన్నాడు వెండెల్. "నాకు అడ్డం పెట్టిన ఆయన కుడి మణికట్టులోంచి దూసుకుపోయాకే ఆ గోడలో దిగింది."