పరదేశి గూడ్సు బండి

చోడవరం బస్టాండు దగ్గర సెలూన్లో అద్దం ముందు, దువ్వెనలకీ పటిక ముక్కకీ మధ్య, ఒక గూడ్సు బండి ఆగి ఉంది.

అన్నీ పెట్టెలే. ఇంజను లేదు.

పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన పెట్టెలవి. కట్టింది సెలూన్ యజమాని పరదేశి.

గోవాడ రోడ్డు మీద సైకిలు జారి అతని కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు విప్పాక ఎముకైతే అతుక్కుంది గానీ, వేళ్లు మాట వినడం మానేశాయి. చిన్న చిన్న వస్తువులు నొక్కుతూ, పీకుతూ ఉండమని విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడే బంగార్రాజు పాలిథీన్ సంచీతో దిగాడు. లారీ డ్రైవరు. పరదేశికి చిన్నప్పటి నేస్తం. మేనకోడలు ఆడి ఆడి వదిలేసిన ఇటుకలు డబ్బాతో సహా పట్టుకొచ్చాడు.

"నొక్కు, పీకు. ఇంకేటి కావాల నీకు?" అన్నాడు.

డబ్బా మూత మీద ఇంటి బొమ్మ ఉంది. పరదేశి దాని వంక చూడనైనా లేదు.

"సక్కగా ఇల్లు కట్టక, గూడ్సు బండేటి?" అంది అతని భార్య రాజ్యం.

"ఇల్లయితే ఓపాలితో అయిపోద్ది. గూడ్సుకైతే పెట్టెలు తగిలిస్తానే ఉండొచ్చు."

అనకాపల్లి రైలు గేటు దగ్గర నిలబడి చూసిన పెట్టెలన్నీ అతనికి కళ్లకి కట్టినట్టు గుర్తే. చక్రాలకి ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలు కాంపౌండరు ఇచ్చాడు. ఇరుసులకి పాత గొడుగు ఊచలు దొరికాయి.

మొదట బొగ్గు పెట్టె. వేళ్లు చాలక పళ్లతో కూడా నొక్కి కట్టాడు. దారం కట్టి లాగితే చక్రాలు ముందుకొచ్చాయి, గోడలు వెనకే పడిపోయాయి.

రాజ్యం పడీ పడీ నవ్వింది. ఆమె తాపీమేస్త్రి కూతురు.

"ఇటిక మీద ఇటిక తిన్నగా పేర్చేస్తే ఏటి నిలబడతాది? పైది కింద రెండిటి మీదా కూకోవాల. మా నాయన గోడ సూడలేదేటి?"

పరదేశికి రోషం వచ్చింది. అయినా మొత్తం పీకి, ఆమె చెప్పినట్టే కట్టాడు. నొక్కడం కన్నా పీకడం కష్టం. ముఖమంతా చెమట పట్టేసింది.

ఆ పెట్టె ఊడలేదు.

తర్వాత ఆయిలు టాంకరు. ఖాళీ పౌడరు డబ్బాని పడుకోబెట్టి చుట్టూ ఇటుకలతో చట్రం బిగించాడు. ఆ తర్వాత చెరుకు పెట్టె. అందులో చీపురు పుల్లలు విరిచి పేర్చాడు.

"మన సోడారానికి రైలే లేదు, సెరుకు పెట్టేటిరా?" అన్నాడు బంగార్రాజు.

"రైలొచ్చినపుడు పెట్టెలకి ఎతుక్కోనక్కర్లేదు కదా."

బస్టాండులో దిగినవాళ్లు పనిగట్టుకుని వచ్చి బండి చూసి పోయేవారు. ఒంగి చక్రాలు తిప్పేవారు, మెచ్చుకునేవారు. గెడ్డం మాత్రం రోడ్డుకి అవతల, ఎస్టీడీ బూతు పక్కన కొత్తగా పెట్టిన సెలూన్లో గీయించుకునేవారు.

వాళ్లని అనడానికీ లేదు. గొంతు మీద కత్తి పెట్టే పని కదా.

పరదేశికి అది లోపల బాగా గుచ్చుకునేది. కుర్చీ మీద దుమ్ము రోజూ తుడిచేవాడు. పైకి మాత్రం ఒకటే మాట.

"గార్డు పెట్టె అయ్యేసరికి నా సెయ్యి నా సెయ్యే. సూడండి."

గార్డు పెట్టెకి అన్నిటికన్నా చిన్న ఇటుకలు మిగిల్చాడు. వేలి గోరంత ఉంటాయి. వాటితోనే తలుపు, కిటికీ, గార్డు నిలబడే వరండా, చివర ఎర్ర దీపం. జారిపోయిన ఇటుకని బల్ల కింద వెతుక్కోవడం, మళ్లీ పెట్టడం. వానలు వెళ్లి చలి మొదలైంది.

పెట్టె పూర్తయిన ఉదయం బంగార్రాజు వచ్చాడు.

"బలే కట్టేవురా. గార్డు ఎక్కి జెండా ఊపడమే తరువాయి."

పరదేశి పెట్టె వంక చూడటం లేదు. నేస్తం చెంప వంక చూస్తున్నాడు.

"ఎడం సెవి కింద ఒగ్గీసేడు, ఆ కొత్త సెలూనోడు."

బంగార్రాజు చెయ్యి చెవి కిందికి పోయింది. అక్కడ నాలుగు వెంట్రుకలు గరుగ్గా తగిలాయి.

"నీకు కష్టమవుద్దని ఎల్లేనురా."

"నాకేటి కష్టం. నీకు బయ్యం."

బంగార్రాజు చెవి కింది నుంచి చెయ్యి తీశాడు.

"బయ్యమే," అన్నాడు.

పరదేశి కుడి చెయ్యి చాచి, బొటనవేలూ చూపుడువేలూ ఆనించి, ఎర్ర దీపాన్ని పైకి తీశాడు. ముట్టుకుంటే దొర్లే చక్రాలు. బండి కదల్లేదు. దీపాన్ని మళ్లీ దాని చోట పెట్టాడు. అప్పుడూ కదల్లేదు.

తర్వాత గిన్నెలో నీళ్లు పోసి బ్రష్షు తడిపాడు.

"కూకో. ఆడు ఒగ్గీసింది నాను తీస్తాను."

బంగార్రాజు చొక్కా పై గుండీ విప్పాడు. మేకుకున్న తువ్వాలు తనే తీసి మెడకి చుట్టుకున్నాడు. కుర్చీలో కూర్చుని గెడ్డం పైకెత్తాడు.

సెలూన్ వెనకే ఇల్లు. మధ్యన తెర. అవతల రాజ్యం బియ్యం చెరుగుతూ ఈ మాటలన్నీ వింది. ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

కత్తి చప్పుడు సన్నగా వినిపిస్తోంది. గీత తర్వాత గీత. ఒక్కో గీతకీ ఆమె ఊపిరి బిగబట్టింది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

మాటా లేదు. తర్వాత గొంతులోంచి ఏదో మూలుగు లాంటిది వినిపించింది. రాజ్యం చేట కింద పడేసి, పరుగున వచ్చి తెర లాగింది.

పరదేశి కత్తి పైకెత్తి పట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు.

కుర్చీలో బంగార్రాజు గురక పెడుతున్నాడు.