బుధవారం సాయంత్రాలు

"బుధవారం మాత్రం పిల్లాణ్ణి ఇవ్వనండి. వెళ్ళి అదే చెప్పండి," అంది లోవ్రి.

మధ్యవర్తి పారీగారు కాగితం మీద పెన్ను ఆనించి, రాయకుండా ఆగారు. వేల్స్‌లోని బెథెస్డా ఊరి పెద్దవీధిలో చెప్పుల దుకాణం మీద ఉన్న ఆ ఆఫీసులో రెండే గదులు. ఇందులో లోవ్రి. గోడ అవతల, ఆమె నుంచి విడిపోతున్న భర్త ఎమ్రిస్. ఎదురుపడితే మాట తూలుతుందని విడి గదులు కావాలన్నది ఇద్దరూనూ. మధ్యన మాటలు మోసేది పారీగారు. చెప్పమన్నది చెబుతారు. చెప్పమనని మాట ఒక్కటి కూడా గడప దాటనివ్వరు.

"ఎందుకివ్వరో చెప్పమంటారా?"

"చెప్పండి. మర్నాడు బడి ఉంటుంది. మాక్సెన్‌కి ఎనిమిదేళ్ళు, తొమ్మిదింటికల్లా పడుకోవాలి. ఈయనగారికి బస్సు తోలేటప్పుడే గడియారం కనిపిస్తుంది. ఇంటికొస్తే కనపడదు."

పారీగారు నవ్వు ఆపుకుని రాసుకున్నారు. "ఆయనకు సెలవు ఆ ఒక్కరోజేనట."

"పదకొండేళ్ళు కాపురం చేశానండీ. తీపి పాలడబ్బా తెరవడం కూడా రాదు ఆ మనిషికి. ఓపెనరు సొరుగులోనే ఉంటుంది. అయినా సరే, మేకూ సుత్తీ పట్టుకుని పైన రెండు కన్నాలు పొడుస్తాడు. ఒకటి పాలు రావడానికట, ఒకటి గాలి దూరడానికట! బల్లంతా జిగురు. అలాంటివాడు పిల్లాడికి తిండి పెట్టి, హోంవర్కు చేయిస్తాడా?"

"ఇది కూడా చెప్పమంటారా?"

లోవ్రి తగ్గింది. "డబ్బా సంగతి వద్దులెండి."

గోడ అవతల కెటిల్ మరుగుతున్న చప్పుడు మొదలైంది.

"వింటున్నారా? ఇక్కడ నా కడుపు ఉడికిపోతుంటే, అక్కడ దొరగారు టీ కాచుకుంటున్నారు!"

పారీగారు గడియారం వంక చూశారు. "లోవ్రీ, ఇది మూడోసారి కూర్చోవడం. దీని ఖర్చుకి సర్కారు ఇచ్చిన ఐదువందల పౌండ్ల వోచరు ఈ గంటతో సరి. కుటుంబానికి ఒక్కసారే ఇస్తారది. ఇవాళ తేలకపోతే..."

"కోర్టు. తెలుసు."

బడి వంటగదిలో పనిచేసే లోవ్రికి ఆ వోచరే లేకపోతే ఈ మెట్లు ఎక్కే స్తోమతే లేదు. కోర్టంటే లాయర్లు, నెలల తరబడి వాయిదాలు. ఎవరో కొత్త మనిషి మాక్సెన్‌ని కూర్చోబెట్టి ప్రశ్నలడగడం. ఆ చివరిది మాత్రం ఆమెకు అస్సలు ఇష్టం లేదు.

పారీగారు వెళ్ళి పది నిమిషాలకు వచ్చారు. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో టీ.

డబ్బా పాలు పోసిన టీ. చిక్కగా, తియ్యగా ఉంది. పలకరాయి గనిలో పనిచేసిన లోవ్రి నాన్న అలాగే తాగేవాడు. ఆమెకూ అదే అలవాటు. ఇప్పుడు వేల్స్ మొత్తం మీద అలా తాగేవాళ్ళు ఎందరుంటారని! మొదటిసారి ఆ కప్పు అందుకున్నప్పుడే, పారీగారూ గనివాళ్ళ ఇంటి ఆడపిల్లే అయ్యుంటారని ఆమె అనుకుంది.

"చెప్పమన్నది చదువుతాను," అన్నారు పారీగారు. "'గడియారం సంగతి నిజమే. వంటింట్లో ఒకటి తగిలిస్తాను. తొమ్మిదికి పడుకోబెడతాను. వాడు అమ్మ కావాలంటే, ఏ వేళయినా తీసుకొచ్చి దింపుతాను.'"

"ఇంకేం అనలేదా?"

"చెప్పమన్నది ఇంతే."

లోవ్రి రెండు గుక్కలు తాగింది. వేడి లోపలికి దిగింది. కప్పు చుట్టూ వేళ్ళు బిగించి కాసేపు కిటికీ అద్దం మీద వానను చూసింది.

"బుధవారాలు ఇస్తున్నానని చెప్పండి. గురువారం పొద్దున బడికి తనే దింపాలి. టిఫిన్ పెట్టే దింపాలి."

కాగితం సంతకాలకి రెండు గదులూ తిరిగి వచ్చింది. డ్యూటీకి వేళయిందేమో, ఎమ్రిస్ ముందే మెట్లు దిగి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. లోవ్రి లేచి కోటు వేసుకుంది.

"సర్కారువారికి ఒక దణ్ణం. మీకు రెండు దణ్ణాలు. మాటలు మోశారు, అది మీ పని. కానీ ఇంత గొడవలోనూ మూడుసార్లూ నా టీ నాకు కావలసినట్టే కలిపి తెచ్చారు చూడండి, అది మాత్రం మర్చిపోలేను. ఈ ఏడాదిలో నా ఇష్టం కనుక్కున్నది మీరొక్కరే."

పారీగారు నోరు తెరిచారు. చెప్పమని ఎవరూ చెప్పని మాట అది. మూసేశారు.

"ఆ కప్పు కాస్త కడిగి పెట్టి వెళ్ళండి, లోవ్రీ. సింకు పక్క గదిలో ఉంది."

పక్క గది ఖాళీగా ఉంది. కెటిల్ ఇంకా వెచ్చగానే ఉంది. దాని పక్కన పాలడబ్బా. లోవ్రి దాన్ని వెలుతురులోకి జరిపి చూసింది.

పైన, అటొకటి ఇటొకటి, మేకుతో పొడిచిన రెండు కన్నాలు.