పాదాలు చూపించమన్న మనిషి

“ఇందులో ఒక్క బూతు ముక్క కూడా లేదు కదా హరీ, ఫిల్టరు ఎలా పట్టుకుంటుంది?” అన్నాడు రాఘవ, లాప్‌టాప్‌ని భార్య వైపు తిప్పి.

హరిచందన తెర మీది వాక్యాన్ని మళ్ళీ చదివింది. ‘పాదాలు ఒకసారి చూపించు.’ అంతే. పక్కన వెంకటప్పయ్య అని పేరు, చిన్న ఫొటోలో నెరిసిన మీసం, నుదుట విభూతి. చేతిలో కాఫీ ఇంక తాగబుద్ధి కాలేదు ఆమెకి.

“బూతులు రాసేవాడే నయం. చూడగానే తెలిసిపోతాడు,” అంది.

‘మగ్గం ముచ్చట్లు’ ఫోరం వాళ్ళిద్దరూ కలిసి మొదలుపెట్టింది. నేతవాళ్ళ చీరలు దళారుల్లేకుండా కొనేవాళ్ళకి చేరాలని హరిచందన ఆశ. మొదట్లో అంచుల గురించీ, రంగుల గురించీ మాట్లాడుకున్నారు. ఆడవాళ్ళు వీడియోల్లో చీరలు చూపించడం మొదలెట్టాక ఎక్కడెక్కడి మురికీ వచ్చి చేరింది. చీర ఖరీదు అడిగేవాడు ఒకడైతే, చూపించే మనిషి ఖరీదు అడిగేవాళ్ళు పదిమంది. రాఘవ ఒక్కో మాటనీ ఫిల్టరులో పెడుతుంటే, వాళ్ళు అక్షరాల మధ్య చుక్కలు పెట్టి అవే మాటలు రాసేవాళ్ళు. గవర్నర్‌పేటలో కాలేజీకి బయల్దేరేముందు హరిచందన కూర్చుని అవన్నీ తీసేసేది. లేచాక సబ్బుతో చేతులు కడుక్కుంటే గానీ టిఫిను ముట్టబుద్ధయ్యేది కాదు.

కానీ వెంకటప్పయ్య వేరే రకం. నూలు వ్యాపారి. నూలు ధరల గురించి అందరితోనూ ‘అండీ’, ‘గారూ’ అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఒక్క సాయిశ్రీ వీడియోల కిందే ఏకవచనంలోకి దిగుతాడు.

సాయిశ్రీ గుణదలలో ఉంటుంది. నేతవాళ్ళ ఊళ్ళో పుట్టిన పిల్ల. అబ్రహామును ఇష్టపడి పెళ్ళి చేసుకుని, పుట్టింటికి కానిదై ఊరు వదిలి వచ్చేసింది. అతను హనుమాన్ జంక్షన్‌లో ఓ లారీ ఆఫీసులో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఈమె తెలిసిన నేతవాళ్ళ దగ్గర చీరలు తెచ్చి, కుర్చీలో కూర్చుని, భుజం మీద వేసుకుని చూపిస్తుంటుంది. నెమ్మదస్తురాలు. ఎవరు ఏం వాగినా బదులివ్వదు.

ఆ పిల్లకి ఈ పెద్దమనిషి రాసేవి ఇలా ఉండేవి. ‘రాత్రిళ్ళు ఒక్కదానివే ఉంటున్నావా?’ ‘ఆ జాకెట్టు బాగా బిగుతుగా ఉంది.’ ‘నిద్ర పట్టడం లేదా, కళ్ళు అలా ఉన్నాయేం?’ తెల్లారగట్ల రాస్తాడు, కాసేపటికి తనే తుడిచేస్తాడు. ఫోరం నడిపేవాళ్ళ పేజీలో తుడిచేసినవి కూడా ఉండిపోతాయని అతనికి తెలీదు.

“ఎంత తెలివో చూడు. ఇంట్లో వాళ్ళ కంట పడకూడదు, ఆ పిల్ల మాత్రం చదవాలి,” అంది హరిచందన.

అంతకన్నా ఆమెకి రోత పుట్టించింది సాయిశ్రీ తీరు. ఒక్కసారి కూడా ఫిర్యాదు చెయ్యలేదు. పైగా జాకెట్టు బిగుతన్న తర్వాతి వీడియోలో వదులు జాకెట్టు వేసుకుంది. ఇప్పుడు పాదాలు అడిగాడా, మర్నాడు అంచు చూపించే నెపంతో కెమెరా కిందికి దించి, కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని పాదాలు చూపించనే చూపించింది. ఇన్నాళ్ళూ తను కాపాడుతున్నది ఇలాంటి దాన్నా అనుకుంది హరిచందన.

ఒకసారి ఆ అమ్మాయిని అడిగి చూడమన్నాడు రాఘవ. హరిచందన వినలేదు. ఏమని అడగాలి, ఎంతకాలంగా నడుస్తోందనా? వెంకటప్పయ్య రాసినవన్నీ ఒకచోట చేర్చింది. పెళ్ళైన పిల్లతో ఈ వయసులో ఈ వేషాలేమిటని, ఇంకోసారి ఆమె జోలికొస్తే పోలీసుల దాకా వెళ్తామని రాసి అతని ఫోనుకి పంపింది. అతన్ని ఫోరంలోంచి పూర్తిగా తీసేసింది. ఆ పూట ఆమెకి ఇల్లు కడిగినంత హాయిగా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం సాయిశ్రీయే వీళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతోంది. నిండు చూలాలు. వీడియోల్లో ఒడిలో పరిచిన చీరల వెనక అది ఎప్పుడూ కనపడలేదు. హరిచందనకి జాలి కలగలేదు సరికదా, ఈ స్థితిలోనా అని మరింత ఏవగింపు కలిగింది.

“ఆయన్ని మళ్ళీ చేర్చుకోండి మేడమ్,” అంది సాయిశ్రీ, కూర్చోకుండానే.

“ఎవర్ని? ఆ ముసలాణ్ణా?”

సాయిశ్రీ తలూపింది.

“అక్కడ నీ మొగుడు రాత్రంతా కష్టపడుతుంటే ఇక్కడ నువ్వు వాడికి కాళ్ళు చూపిస్తావా? చదివి శుభ్రం చేసేదాన్ని నేను. నాకే ఒళ్ళు జలదరించింది. నీకేం అనిపించలేదా?”

సాయిశ్రీకి కోపం రాలేదు. ఆ మాటలు సరిగ్గా విన్నట్టు కూడా లేదు. “ఆయనకి మీరేదో పంపించారని చీరలిచ్చేవాళ్ళు చెప్పారు. అందులో ఆ మాటలన్నీ పెట్టారా?” అని అడిగింది.

“ఒక్కటీ వదల్లేదు. చదువుకుని సిగ్గుపడతాడని.”

ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. గోడ పట్టుకుని నెమ్మదిగా కుర్చీలోకి జారింది. రాఘవ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె అందుకోలేదు. వాచిన పాదాల మీద చెప్పుల పట్టీలు ఒరుసుకుని ఎర్రగా అచ్చులు పడ్డాయి.

“అంత భయపడేదానివి ముందే మానుకోవాల్సింది,” అంది హరిచందన.

సాయిశ్రీ తలెత్తి ఆమె వైపు చూసింది.

“ఫోను మా నాన్నది మేడమ్, రాసేది అమ్మ.”