పెద్దల్లుడు తీసిన ఫొటో

చిన్నల్లుడి మెడల్ తగిలించడానికి హాల్లో చోటు చాలక, పెద్దల్లుడి పెళ్ళి ఫొటో తీసి ఫ్రిజ్ పక్కకి మార్చారు మామగారు.

ఇది నిరుటి మాట. ఆ పూట పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మారథాన్ అంటే మాటలా మరి! నలభై రెండు కిలోమీటర్లు!" అన్నారు మామగారు మేకు కొడుతూ.

"అన్నయ్యా, వచ్చే ఏడు మీరూ రారాదూ?" అన్నాడు చిన్నల్లుడు నలుగురిలో. "అందరికన్నా వెనక ఓ బస్సు వస్తుంటుంది. చతికిలపడ్డవాళ్ళని ఎక్కించుకుంటుంది. మీకో కిటికీ సీటు ఆపమని చెబుతాలెండి."

హాలంతా ఘొల్లుమంది. పెద్దల్లుడి భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదీ అతన్ని ముల్లులా గుచ్చింది.

పెద్దల్లుడిది కళ్ళజోళ్ళ షాపు. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని అద్దాలు సానపట్టే మనిషి. వాన వచ్చినా పరిగెత్తి ఎరగడు. అలాంటివాడు మర్నాడే బూట్లు కొన్నాడు. ఏడాదిపాటు తెల్లారకముందే లేచి పార్కు చుట్టూ తిరిగాడు. ఊపిరి అందనప్పుడల్లా చిన్నల్లుడి నవ్వు తలుచుకునేవాడు. దెబ్బకి ఊపిరి అందేది.

"ఈ వయసులో మీకెందుకండీ ఈ తిప్పలు?" అంది భార్య, అతని మోకాలికి పట్టీ చుడుతూ.

"వాడి మెడల్ ఆ గోడమీంచి దించాలి."

"మీరు పరిగెడితే వాడి మెడల్ ఎందుకు దించుతారు?"

కాలు లాక్కుని లేచిపోయాడు.

ఆ రోజు రానే వచ్చింది. చీకటితోనే వేలమంది రోడ్డెక్కారు. తాత్కాలిక మరుగుదొడ్ల ముందు చాంతాడంత క్యూలు. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు, ఒక్క ముక్కా తెలిసి చావడం లేదు. ఛాతీకి నంబరు కాగితం గుచ్చుకుని పెద్దల్లుడు జనంలో ఇరుక్కుని నిలబడ్డాడు. చిన్నల్లుడు వేగంగా పరిగెత్తేవాళ్ళ వరసలో, తాడుకి అవతల, ముందున్నాడు. వెనక్కి తిరిగి చెయ్యూపాడు.

"అన్నయ్యా, బస్సు నంబరు రాసుకున్నారా?"

హారన్ మోగింది.

సగం దాకా పెద్దల్లుడు బాగానే లాక్కొచ్చాడు. నీళ్ళ బల్లల దగ్గర తాగి పారేసిన కాగితం గ్లాసులు కాళ్ళకింద పటపటలాడాయి. ఓ బాల్కనీలోంచి ఒకావిడ గిన్నె మీద గరిటెతో వాయిస్తూ "పదండి పదండి" అని కేకలేసింది. వంతెన ఎక్కి దిగేసరికి మాత్రం తొడకండరం రాయిలా బిగుసుకుపోయింది.

ఓ వాలంటీరమ్మాయి పరిగెత్తుకొచ్చి నొప్పి తగ్గే స్ప్రే కొట్టింది. "ఇంకెంతో లేదు సార్, ఇంకో సగమే!"

ఆ మాటతో మిగిలిన కాస్త ఓపికా చచ్చింది. ఇక లాభం లేదని పక్కకి తప్పుకున్నాడు. కాసేపటికి ఎలాగో కూర్చోవడానికింత చోటు దొరికింది. కూలబడ్డాడు. తల ఎత్తేసరికి ఎదురుగా చిన్నల్లుడు!

ముందు నమ్మలేదు. కళ్ళు నులుముకుని చూశాడు. వాడే. సందేహం లేదు. తొడనొప్పి ఎటు పోయిందో! కాగల కార్యం గంధర్వులే తీర్చారనుకున్నాడు. చప్పుడు కాకుండా ఫోను తీశాడు. ఒకటికి నాలుగు ఫొటోలు కొట్టాడు.

ఆ తర్వాత ముగింపు గీత దాటేదాకా అతనికి అలుపన్నదే తెలియలేదు.

మెడలో మెడల్ వేశారు. భుజాల మీద వెండిరంగు దుప్పటి కప్పారు. అప్పటికే ముస్తాబై నిలబడ్డ చిన్నల్లుడు నోరెళ్ళబెట్టాడు.

"అరె! అప్పుడే వచ్చేశారే అన్నయ్యా!" అన్నాడు. వెంటనే తేరుకుని, భుజం తట్టాడు. "ముప్ఫై దాటాక నరకం కదూ? అక్కడ కాళ్ళు పనిచెయ్యవు. పట్టుదలే లాక్కురావాలి."

"నిన్ను చూసి నేర్చుకోవాలి తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు, లోపల పళ్ళు నూరుతూ.

మారథాన్ కమిటీ డేరా పక్కనే ఉంది. ఫొటో చూపిస్తే అక్కడికక్కడే వాడి మెడల్ లాక్కునేవాళ్ళు. పెద్దల్లుడు అటుకేసి చూడనైనా లేదు. ఎక్కడ పోయిన పరువు అక్కడే రావాలి.

సాయంత్రం అందరూ మామగారి హాల్లో చేరారు. చిన్నల్లుడు కొత్త మెడల్ అందించాడు. మామగారు సుత్తి తీసుకుని స్టూలెక్కారు.

"ఒక్క నిమిషం ఆగండి మామయ్యగారూ," అంటూ పెద్దల్లుడు ఫోనులోని ఫొటోని టీవీకెక్కించాడు.

టీవీ నిండా మెట్రో రైలు పెట్టె. చల్లగాలికి సీట్లో జారగిలబడి, టోపీ ముక్కు మీదికి లాక్కుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్న చిన్నల్లుడు. ఛాతీమీద ఈ ఏటి నంబరు.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని టీవీకి దగ్గరగా జరిగారు.

"ఇది... ఇదెవరో కంప్యూటర్లో అతికించి..." అని చిన్నల్లుడు నీళ్ళు నమిలాడు.

"ఎవరో అతికించింది కాదు. నేను తీసింది. ఇదిగో, ఈ చేత్తో!"

చిన్నల్లుడి భార్య విసురుగా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మామగారు స్టూలు మీంచే ఇటు తిరిగారు.

"నిరుడు కూడా ఇంతేనా?" అన్నారు.

చిన్నల్లుడు తల వంచుకున్నాడు. మామగారు గోడమీది మెడల్ తీసి బల్లమీద బోర్లా పెట్టారు.

పెద్దల్లుడి గుండె ఉప్పొంగింది. భార్య అతనికేసి కొత్తమనిషిని చూసినట్టు చూస్తోంది. మెడలోని మెడల్ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చేతకాకపోతే మానుకోవాలి తమ్ముడూ. పదిమంది కళ్ళల్లో దుమ్ము కొడితే ఎన్నాళ్ళు దాగుతుంది?"

ఇంతసేపూ టీవీకేసే చూస్తున్న అత్తగారు మెల్లగా ఇటు తిరిగారు.

"అది సరే బాబూ, మరి ఆ రైలు మీరెందుకెక్కారు?"