అబుందియో పంపిన కబుర్లు

“ఆ మిషను దగ్గరికెళ్ళి మళ్ళీ నడిచొచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించక్కా. అప్పుడొస్తా,” అన్నాడు ఎలియోదోరో, వాకిట్లో కట్టిన ఊయలలోంచి లేవకుండానే.

“మా ఊరు రా, మా ఆయన్నే చూపిస్తా,” అంది ఫిదెలినా, చేతిసంచీ కిందపెట్టి. “అబుందియో. నీలా చెరకు కొట్టినవాడే. ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉన్నాడు. పొద్దున కూడా చిక్కుడుగింజల్లో ఉప్పు లేదని నా మీద ఎగిరాడు.”

ఎలియోదోరో భార్య నికోలాసా మొక్కజొన్న ఒలుస్తూ ఆశగా తలెత్తింది. మొగుడు మాత్రం మొహం తిప్పుకున్నాడు. రెండు బస్సులు మారి పోవాల్సిన ఊరు. అతను పెరటిదాకా నడవడమే గగనంగా ఉంది.

చినందేగా వైపు చెరకు కొట్టేవాళ్ళకి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి డాక్టర్లు వచ్చారు. వాళ్ళ తరఫున ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసుకెళ్ళే మనిషి ఫిదెలినా. నీళ్ళు తాగే తీరికలేకుండా ఎండలో కొట్టడం వల్లనని కొందరన్నారు, పొలాల మందుల వల్లనని కొందరన్నారు. ఇంకా తేలలేదు. మిల్లువాళ్ళకి మాత్రం వెంటనే తేలిపోయింది. రక్తం బాగాలేనివాణ్ణి కోతకి రావద్దన్నారు, ఎలియోదోరోనీ అంతే. పదిహేనేళ్ళు పిండుకున్నాక పిప్పిని ఎవరు దాచుకుంటారు?

ఆ వీధిలోంచి డయాలసిస్‌కి వెళ్ళినవాళ్ళందరూ పెట్టెల్లోనే తిరిగొచ్చారు. ఊపిరి ఆగిపోయే దశలో తీసుకెళ్ళారని ఎవరూ అనుకోలేదు. మిషనే చంపిందన్నారు. ఎలియోదోరోదీ అదే నమ్మకం.

తర్వాతి వారం ఫిదెలినా మళ్ళీ వచ్చింది.

“నీ సంగతి మా ఆయనకి చెప్పానయ్యా. ‘ఆ పిరికివాడి కోసం బస్సు చార్జీలు దండగ’ అన్నాడు.”

ఎలియోదోరో ఊయలలో లేచి కూర్చున్నాడు. “నేను పిరికివాణ్ణా? రోజుకి ఎన్ని సాళ్ళు కొట్టేవాడట, ఆ మగధీరుడు?”

“నీకంటే ఒకటి ఎక్కువేనట.”

“నేనెన్ని కొట్టానో తెలియకుండానే?”

నికోలాసా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలాకాలమైంది.

అప్పట్నుంచి ఆమె వచ్చినప్పుడల్లా కబుర్లు అటూ ఇటూ నడిచాయి. అబుందియో ఎగతాళి చేసేవాడు, ఎలియోదోరో తిట్టి పంపేవాడు. ఓ రోజు గొంతు తగ్గించి అడిగాడు.

“సూది గుచ్చినప్పుడు ఏడ్చాడా?”

ఫిదెలినా రక్తం సీసాని సంచీలో సర్దింది.

“ఏడ్చాడు. మొదటిరోజు నా చెయ్యి వదల్లేదు. మూడోసారికి నర్సుల మీదే జోకులేశాడు. ‘నువ్వు పక్కనుంటే చాలు’ అంటాడు, ఇప్పటికీ.”

వానలు మొదలయ్యేసరికి ఎలియోదోరోకి పడుకుంటే ఊపిరాడడం లేదు. వాచిన పాదాలకి చెప్పులు పట్టలేదు.

“అబుందియో ఏమన్నాడు?” అన్నాడు ఆయాసపడుతూ.

“పక్క కుర్చీ ఖాళీగా ఉందట. నీ భయం వదిలేదాకా అందులో ఎవర్నీ కూర్చోనివ్వడట.”

ఎలియోదోరో భార్య వైపు చూశాడు. “ఆ గొప్పలరాయుడి నోరు మూయించాల్సిందే. బండి పిలువు.”

అబుందియోని వేరే పూటకి మార్చారని చెప్పి, ఫిదెలినా మొదటిరోజంతా మిషను పక్కన అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. అతనూ వదల్లేదు.

నెల తిరిగేసరికి వాపు దిగింది. తిండి సయించింది. మిషను పక్కన కూర్చుని, కొత్తగా వచ్చి వణుకుతున్న కుర్రాడితో పరాచికాలాడే స్థితికి వచ్చాడు ఎలియోదోరో. గొట్టాలు సరిచేస్తున్న ముసలి నర్సుని ఆపాడు.

“ఫిదెలినా మొగుడు అబుందియో ఏ పూట వస్తాడమ్మా? ఒక్కసారి ఎదురుపడి చెయ్యి కలపాలి. అతని మాటల వల్లే బతికి బయటపడ్డా.”

నర్సు గొట్టం వదిలి అతని వైపు తిరిగింది.

“ఆవిడెంత బతిమాలినా ఒక్కసారైనా ఇక్కడికి రాకుండా, ఏళ్ళ కిందటే ఇంట్లోనే పోయాడు తమ్ముడూ.”