వసంత పెళ్ళి

ఇప్పుడు ఏ ఇంటి సీరియల్ ఆ ఇంటిదే. ఇంట్లో ఒక్కరు ముఖం చిట్లించినా, టీవీ అది కనిపెట్టి మరునాటికి కథ మార్చేస్తుంది. ఎదురింటి కోటేశ్వరి టీవీలో వసంత, రమణి టైలరింగ్ షాపు పెట్టుకుని ఒకే ఇంట్లో కాపురముంటున్నారు. మా టీవీలో ఇంకా చేతులు పట్టుకునేదాకే వచ్చారు.

నా మనవరాలు సుహాసిని ఆ ఇద్దరమ్మాయిల కోసమే రోజూ కూర్చునేది. అరవై దాటిన నాకు అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే.

"నాన్నమ్మా, నాన్న తణుకు సంబంధం చూస్తున్నాడు. ఈ వారమంతా ఈ సీరియల్ చిరాకు పడకుండా చూశాడంటే, నా సంగతీ శ్రావ్య సంగతీ చెప్పేస్తా. నువ్వు నా పక్కనుండాలి."

"ఉంటానే తల్లీ" అన్నాను.

నిన్న సాయంత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూశాం. వసంత రమణి నుదుట ముద్దు పెట్టింది. నా కొడుకు కిక్కురుమనకుండా చూశాడు. సుహాసిని సంతోషంతో నా మోకాలు నొక్కింది.

ఈరోజు వసంత ఎవరో మగపిల్లాడి పక్కన పెళ్ళిపీటల మీద ఉంది. రమణి అసలు లేనే లేదు.

"అదేంటి, ఆ రెండో పిల్లేమైంది? బాగానే ఉండేదిగా!" అన్నాడు నా కొడుకు.

తెర అడుగున అక్షరాలు వచ్చాయి. కొత్త చదువు కదా, నోరాగక కూడబలుక్కుని పైకే చదివాను.

"ముఖం చిట్లించినవారు, ఆదెమ్మ గారు."

అది నా పేరే. ఎప్పుడు చిట్లించానో నాకే తెలియదు.

"తప్పుల్లేకుండా చదివావు నాన్నమ్మా" అని సుహాసిని నా పక్కనుంచి లేచింది. "నాన్నా, ఆ తణుకు సంబంధంవాళ్ళను రమ్మను."