మడత దగ్గర

వడ్రంగికి తెగిపోయిన బొటనవేలిని అతికించింది ఈ డాక్టరే. వేలివైపు రక్తనాళం సన్నం, చేతివైపుది లావు. సన్నదాన్ని ఏటవాలుగా కోసి, నోరు పెద్దది చేసుకుని కుట్టాలి. ఆ రోజు ఇంటికెళ్లే తొందరలో ఆయన తిన్నగా కోసేసి, లావుదాన్ని కుచ్చిళ్లు పోసినట్టు దగ్గరికి లాగి కుట్టేశాడు. లోపల మడత పడింది. రక్తం గడ్డకట్టి వేలు నల్లబడింది. నిన్ననే తీసేశారు.

"సిగరెట్ల వల్లే" అన్నాడు డాక్టర్. వడ్రంగి నిజమేననుకుని తల దించుకున్నాడు.

ఈ రాత్రి నర్సు ఫోన్ చేసింది. "సార్, తీసేసిన వేలి దగ్గర నాడి వినిపిస్తోంది."

"నిద్రమత్తులో ఉన్నావా?"

"మీరే వచ్చి వినండి సార్."

వడ్రంగి నిద్రపోతున్నాడు. రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం మంచం పక్కనే ఉంది. డాక్టర్ దాని కొనను కట్టుకు అవతల, వేలు ఉండాల్సిన చోట, ఉత్త గాలిలో పెట్టాడు.

బుస్... బుస్... ప్రతిసారీ ఒక్కచోట తడబడి ముందుకు పోతోంది.

ఆయన కొనను ఆ తడబాటు దగ్గరే ఆపాడు.

"అక్కడే సార్, మడత," కళ్లు తెరవకుండానే అన్నాడు వడ్రంగి. "ఈసారి ఏటవాలుగా కొయ్యండి. నాకేం తొందర లేదు."